గోడ ఖాతా, చేతి ఖాతా

మా ఇంట్లో పాల ప్యాకెట్లకి లెక్క ఉంది. గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో వంటింటి క్యాలెండర్ మీద గుండ్రం చుట్టి ఉంటుంది. ఇస్త్రీకి ఎన్ని జతలు వేశామో తలుపు వెనక పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఇన్ని లెక్కలు రాసే నేను, ఇరవై రెండేళ్ళ సర్వీసులో బడి కోసం నా పర్సులోంచి ఎంత తీశానో ఒక్క ఏడాది కూడా రాసుకోలేదు. రాయడం తప్పనిపించేది. అన్నం పెట్టి మెతుకులు లెక్కపెట్టినట్టు ఉంటుందని.

రెండేళ్ళ క్రితం ఎండాకాలం సెలవుల్లో మావారు స్కూటీ డిక్కీ శుభ్రం చేస్తూ ఒక గుప్పెడు బిల్లులు బయటికి తీశారు. ఫ్యాన్సీ షాపువి, స్టేషనరీ షాపువి, జిరాక్స్ సెంటర్ కుర్రాడు చీటీ ముక్క మీద రాసిచ్చినవి. ఎండకి సగం అంకెలు ఎగిరిపోయాయి. “ఇవన్నీ నీకు ఎవరిస్తారు?” అన్నారు. “ఎవరూ ఇవ్వరండీ” అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా వాటికి రబ్బరు బ్యాండు వేసి టీవీ పక్కన పెట్టారు. నెల రోజులు అవి అక్కడే ఉన్నాయి. వచ్చిన చుట్టాలు కూడా చూశారు.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఒక లాంగ్ నోట్‌బుక్ తీశాను. మాది ఊరి చివర ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా కలిపి 29 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. నేను ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని, హెడ్‌మిస్ట్రెస్ బాధ్యత కూడా నాదే. నోట్‌బుక్‌లో ఎడమ పేజీకి ‘చేతికి’ అని, కుడి పేజీకి ‘గోడకి’ అని పేరు పెట్టాను. పిల్లల చేతిలోకి వెళ్ళేది ఎడమ పక్క, గోడ మీదో బీరువా మీదో నిలబడేది కుడి పక్క. రెండు వారాలు తిరిగేసరికి మూడో ఖాతా తెరవాల్సి వచ్చింది. దానికి ‘ఆఫీసుకి’ అని పేరు పెట్టాను. నివేదికల ప్రింట్లు, ఫోటోలతో ఫైళ్ళు, స్పైరల్ బైండింగు, మీటింగులకి టీలు, బిస్కెట్లు.

ఏప్రిల్‌లో కూడితే మొత్తం రూ.11,340. నెలకి తొమ్మిది వందల చిల్లర. నాకు ఆశ్చర్యం కలిగించింది మొత్తం కాదు, పంపకం. గోడకి రూ.6,120. ఆఫీసుకి రూ.2,170. పిల్లల చేతికి వెళ్ళింది రూ.3,050. అంటే ఒక్కో పిల్లకీ ఏడాదికి నూట ఐదు రూపాయలు. ఇరవై రెండేళ్ళుగా ‘పిల్లల కోసం పెడుతున్నా’ అనుకున్న డబ్బులో పిల్లలకి ముట్టింది పావు వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

అందుకే ఎవరైనా కొత్త టీచరు “మేడమ్, టీఎల్ఎం సామాను చవగ్గా ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగితే ఇప్పుడు నేను షాపు పేరు చెప్పను. టీఎల్ఎం అంటే పాఠం చెప్పడానికి వాడే బోధన సామగ్రి. విజయవాడ వన్‌టౌన్‌కి వెళ్ళినా, హైదరాబాద్ బేగంబజార్‌కి వెళ్ళినా హోల్‌సేల్‌లో కొంత మిగులుతుంది, నిజమే. బస్సు చార్జీలు తీసేస్తే ఎంత మిగులుతుందో వాళ్ళే చూసుకోవాలి. నేను అడిగేది వేరే: ఎవరు చూడ్డానికి కొంటున్నావమ్మా?

గోడ సంగతే ముందు చెప్తాను, నా డబ్బు ఎక్కువ పోయింది అక్కడే కాబట్టి.

లెక్క రాసిన ఆ ఏడాదే మండల స్థాయిలో టీఎల్ఎం మేళా పెట్టారు. నేను భిన్నాల మోడల్ చేశాను. రంగు రంగుల ఫోమ్ షీట్లు, థర్మాకోల్ పళ్ళెం, ముక్కలు అతికించి తీయడానికి వెల్‌క్రో, అంచులకి మెరుపుల లేసు. ఒకటి, సగం, పావు, అరపావు. ఆరు రాత్రులు, రూ.740. మండలంలో రెండో బహుమతి వచ్చింది. జ్ఞాపిక ఇచ్చారు, శాలువా కప్పారు, ఫోటో తీశారు. తర్వాత జిల్లా మేళాకి పంపాలి అని మోడల్‌ని అక్కడే ఉంచుకున్నారు. జిల్లా మేళా వాయిదా పడింది. ఇంకోసారి వాయిదా పడింది. ఈలోగా నా నాలుగో తరగతికి భిన్నాల పాఠం వచ్చింది.

మోడల్ లేదు. ఏం చెయ్యాలి? మధ్యాహ్నం భోజనంలో గుడ్డు రోజు. వంట చేసే అక్క ఉడికించిన గుడ్లు ఒలుస్తోంది. నా చీర కొంగు అంచు నుంచి ఒక దారం పోగు లాగి, గుడ్డు చుట్టూ తిప్పి, రెండు కొసలూ ఎదురెదురుగా లాగాను. కత్తితో కోస్తే పచ్చసొన చితికిపోతుంది, దారంతో అయితే అద్దంలా తెగుతుంది. “ఇది ఎంత?” “సగం టీచర్.” మళ్ళీ దారం. “ఇప్పుడు?” “పావు.” ఒక పిల్ల నాలుగు పావులూ అరచేతిలో దగ్గరికి చేర్చి గుడ్డుని మళ్ళీ గుడ్డు చేసింది. చెప్పకుండానే. పావు పెద్దదా, అరపావు పెద్దదా అంటే ‘ఎనిమిది పెద్ద అంకె కాబట్టి అరపావే పెద్దది’ అనే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆ రోజు ఒక్కరూ అనలేదు. తినేది ఏదో కళ్ళ ముందు ఉంది కదా! తర్వాత భిన్నాలన్నీ తినేశారు. ఖర్చు సున్నా, భద్రపరచాల్సిన పని కూడా లేదు.

మోడల్ మూడు నెలల తర్వాత తిరిగొచ్చింది, ఒక పావు ముక్క లేకుండా. ఇప్పటికీ బీరువా మీద ఉంది. జ్ఞాపిక దాని పక్కనే.

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. పరిశీలనకి ఎవరైనా వస్తున్నారని కబురు తెలిసిన సాయంత్రం మండల కేంద్రంలోని ఫ్యాన్సీ షాపులో టీచర్ల స్కూటీలు వరసగా ఉంటాయి. చార్టులు, స్కెచ్ పెన్నులు, డబుల్ టేపు, కాగితం పూలు. వచ్చినవాళ్ళు గోడల్ని చూసి “గది బాగుంది” అంటారు. చార్టు మీద రాసిన పద్యాన్ని పిల్లాడు చదవగలడా అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగేవాళ్ళూ ఉన్నారు, అలాంటి ఒకాయన ఒకసారి వచ్చి గోడ వైపు చూడకుండా గంటసేపు పిల్లల మధ్య కింద కూర్చుని వెళ్ళారు. ఆ రోజు నేను చార్టులకి పెట్టిన మూడువందలూ వృథా అయ్యాయని బాధపడ్డాను, అదీ నా బుద్ధి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్‌మాస్టారు ఏపీపెప్ శిక్షణ పొందినాయన. ఆ తరం టీచర్లకి ఆ మాట తెలుసు. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అది. దానికి ఆరు సూత్రాలు. మాస్టారు వాటిని సంధ్యావందనంలా వల్లించేవారు. అందులో ఒకటి పరిసరాల్ని వాడుకోమంటుంది, ఇంకొకటి గదిని ఆసక్తికరంగా ఉంచమంటుంది. ఎలా? పిల్లలు చేసిన పనిని ప్రదర్శించి. పిల్లలు చేసినది అని స్పష్టంగా ఉంది. మధ్యలో ఎక్కడో ఆ మాట జారిపోయి టీచరు చేసినది గోడెక్కింది. పిల్లలు గీసిన వంకర కాకి బొమ్మకి ఖర్చు లేదు. నేను గీసిన అందమైన కాకి బొమ్మకి చార్టు పది రూపాయలు, రంగులు వేరే, పైగా పిల్లలు దాన్ని ముట్టుకోకుండా కాపలా ఒకటి.

రెండో ఏడాది గోడకి కొనడం మానేశాను. ఒక తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టాను, పిల్లల కాగితాలు వారం వారం మారుతాయి. కింద మూడడుగుల ఎత్తు దాకా గోడకి నల్లరంగు వేయించాం, అది బడి గ్రాంటులోంచి. ఎవరి జాగా వాళ్ళకి ఉంది. సుద్దముక్క ఇస్తే చాలు.

ఇక చేతి ఖాతా. దీన్లో పొదుపు చెయ్యడానికి నాకు మనసొప్పదు కానీ దుబారా ఉంది, అది మాత్రం చెప్పుకోవాలి.

మొదటిది పెన్సిళ్ళు. పెన్సిల్‌ని తినేది రాత కాదు, షార్పనర్. చిన్న షార్పనర్ చేతిలో ఉంటే పిల్లాడు రాయడం మానేసి చెక్కుతూ కూర్చుంటాడు. ఆ చెక్కు పువ్వులా వస్తే పక్కవాడికి చూపించాలి, దానికి ఇంకో పువ్వు. కొత్త పెన్సిల్ మూడు రోజుల్లో బొటనవేలంత అవుతుంది. ఇప్పుడు పెన్సిళ్ళు బడివి. ఒక్కోదాని మీద అంకె ఉంటుంది, డబ్బాలో ఉంటాయి, ఇంటికి వెళ్ళవు. చెక్కేది పొద్దున్నే నేను, నా బల్ల మీద తిప్పే షార్పనర్‌తో. పొట్టివైపోతే పాత రీఫిల్ పెన్ను గొట్టంలో దోపి వాడతాం. ఆ ఏడాది కొన్న పెన్సిళ్ళు అంతకు ముందు ఏడాదికి మూడో వంతు.

రెండోది లెక్కల పుల్లలు. ఐస్‌క్రీమ్ పుల్లలు, ప్లాస్టిక్ పూసలు ఆన్‌లైన్‌లో కిట్లుగా దొరుకుతాయి. నేనూ కొన్నాను. పూసలు దొర్లిపోతాయి, ఒకటో తరగతి వాళ్ళు ముక్కులో పెట్టుకుంటారు. కొబ్బరి ఈనెల చీపుర్లు రెండు కొని, పుల్లల్ని బెత్తెడు ముక్కలుగా కోసి, కంట్లో గుచ్చుకోకుండా కొసలు గరుకు రాతి మీద అరగదీశాం. పది పుల్లలకి ఒక కట్ట. కట్టలకి మొదట రబ్బరు బ్యాండ్లు వేస్తే ఎండాకాలం సెలవులు దాటేసరికి అన్నీ జిగటగా కరిగి పుల్లలకి అంటుకుపోయాయి. పంక్చర్ షాపులో పారేసిన సైకిల్ ట్యూబు అడిగి తెచ్చి, కాకరకాయ చక్రాల్లా అడ్డంగా కోశాను. ఆ రింగులు రెండేళ్ళయినా ఒక్కటి తెగలేదు. కట్ట విప్పితే పది ఒకట్లు, కడితే ఒక పది. అప్పు తెచ్చుకునే తీసివేతలు చెప్పడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు కనపడలేదు, ఎందుకంటే పిల్లాడు నిజంగానే కట్ట విప్పాలి. బల్ల మీద అంకె కొట్టేసి పక్కన పది రాయడం కాదు.

పలక గురించి ఒక్క మాట. ఒకటో తరగతికే నోటుబుక్కుల మోజు పట్టింది తల్లిదండ్రులకి, మాకూ. తప్పు రాస్తే పలక మీద తడిగుడ్డతో పోతుంది, నోటుబుక్కులో రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరుగుతుంది, పిల్లాడికి తప్పంటే భయం పుడుతుంది. మా చిన్నప్పుడు మార్కాపురం రాతి పలక ఉండేది. అక్షరం తెల్లగా లేవాలని దొండాకు, బొగ్గు కలిపి రుద్ది ఎండబెట్టేవాళ్ళం. ఇప్పుడు పలకలు తేలికైనవి వచ్చాయి, అంత మన్నవు, అయినా నోటుబుక్కు కన్నా నయం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. శుభలేఖలు: మాఘంలో, శ్రావణంలో ఇంటింటికీ కుప్పలుగా వస్తాయి. దేవుడి బొమ్మ ఉందని పారేయలేరు, ఏం చేసుకోవాలో తెలీదు. అడిగితే సంతోషంగా ఇస్తారు. దళసరి కాగితం, ఒకవైపు ఖాళీ, ఒత్తులూ గుణింతాల కార్డులకి ఇంతకన్నా ఏం కావాలి? ఫ్లెక్సీలు: పుట్టినరోజు అయిపోయాక అడిగితే ఇస్తారు. వెనక తెల్లగా ఉంటుంది. నాయకుడి మొహం నేల వైపు, ఒకటి నుంచి వంద దాకా గళ్ళు మన వైపు. పిల్లలు దాని మీద గెంతుతారు. బిస్కెట్ ప్యాకెట్లు, సబ్బు రేపర్లు: బరువు, ధర, తేదీ అన్నీ ఉంటాయి, సంతాట ఆడిస్తే సగం లెక్కల పుస్తకం అయిపోతుంది. ఏప్రిల్‌లో నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి దబ్బనంతో కుట్టి రఫ్ పుస్తకాలు చేయడం మా అమ్మ నేర్పింది. కథల పుస్తకాలకి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ఉంది, తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు, నచ్చితే ప్రింటు తీసుకోవడానికి కూడా అభ్యంతరం లేదు. కానీ రంగు ప్రింటు ఖర్చు చూస్తే మామూలు పిల్లల పుస్తకమే చవగ్గా దొరుకుతుంది, ఇది అనుభవించి చెప్తున్నాను.

ఒక పొదుపు మాత్రం చేసి సిగ్గుపడ్డాను. పుట్టినరోజుకి పిల్లలు చాక్లెట్లు తెచ్చి పంచుతారు కదా, వాటి బదులు డబ్బాలోకి ఒక పెన్సిల్ ప్యాకెట్ వెయ్యమన్నాను. ఐడియా బాగుందని తోటి టీచర్లు మెచ్చుకున్నారు. నాలుగు నెలలు బాగా నడిచింది. మూడో తరగతిలో ఒక పిల్లాడు, వాళ్ళ నాన్న తాపీ పనికి వెళ్తాడు, నవంబరులో ఒక సోమవారం బడికి రాలేదు. మర్నాడు వచ్చాడు. “నిన్న నీ పుట్టినరోజట కదరా, వాడు చెప్పాడు” అన్నాను. “నిన్న కాదు టీచర్. నాది జూన్‌లో అయిపోయింది. రిజిస్టర్‌లో చూడండి” అన్నాడు. రిజిస్టర్‌లో జూనే ఉంది. మా రిజిస్టర్ ప్రకారం ఊళ్ళో సగం మంది జూన్‌లోనే పుడతారు, చేర్చుకునే రోజు వయసు సరిపోవాలి కాబట్టి. ఆ సంగతి వాడికి తెలుసు, నాకూ తెలుసు. ముప్పై రూపాయల ప్యాకెట్ కోసం ఎనిమిదేళ్ళ పిల్లాడితో అబద్ధం ఆడించాను. ఆ రోజే ఆ పద్ధతి ఆపేశాను. నా ఖాతాలో తగ్గింది ఇంకొకరి ఖాతాలో ఎక్కితే దాన్ని పొదుపు అనకూడదు.

ఇక్కడికి వచ్చాక అసలు మాట ఎత్తాలి: చేతి ఖాతా నా పర్సులోంచి ఎందుకు వెళ్ళాలి?

2009 విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. ఎంతమంది పిల్లలకి ఎంతమంది టీచర్లు, గదులెలా ఉండాలి, ఇవన్నీ ఉంటాయి. అందులోనే ప్రతి తరగతికీ అవసరమైన బోధన సామగ్రి సమకూర్చాలని, ఆట వస్తువులు, లైబ్రరీ ఉండాలని ఉంది. టీచరు తెచ్చుకోవాలని ఎక్కడా లేదు. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ఏడాదికి టీచరుకి రూ.500 టీఎల్ఎం గ్రాంటు ఉండేది. ఆ ఐదువందలకి మేము ఇచ్చిన లెక్కలు చూస్తే నవ్వొస్తుంది, కానీ అది నా తరగతి పేరు మీద వచ్చిన డబ్బు. 2018లో దాని స్థానంలో సమగ్ర శిక్ష పథకం వచ్చాక బడికి అన్ని ఖర్చులకీ కలిపి ఒకటే కాంపోజిట్ గ్రాంటు, పిల్లల సంఖ్యని బట్టి. 30 మంది దాకా ఉంటే రూ.10,000. 31 నుంచి 100 దాకా రూ.25,000. మా బడి 29. ఇద్దరు పిల్లలు ఎక్కువ ఉంటే గ్రాంటు రెండున్నర రెట్లు. ఇద్దరు తక్కువైనందుకు మా గదులేమీ చిన్నవి కాలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు. ఆ పదివేలలోనే కనీసం పది శాతం పరిశుభ్రతకి పోవాలి, మిగిలిన దాంట్లో కరెంటు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి రిపేరు.

పైగా గ్రాంటు ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, బడి ఏడాది జూన్‌లో మొదలవుతుంది. జూన్‌లో పిల్లలు వచ్చి కూర్చుంటారు, డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చేసరికి చాలాసార్లు సంక్రాంతి దాటింది మా బడికి. ఈలోగా టీచరు చెయ్యి పర్సులోకి వెళ్తుంది. మార్చిలో డబ్బు వచ్చాక హడావుడిగా ఏదో ఒకటి కొని బిల్లు పెడతాం. చాలా ఏళ్ళు నేనూ అదే చేశాను. ఇప్పుడు మార్చిలోనే వచ్చే జూన్‌కి కావలసిన సుద్దముక్కలు, పెన్సిళ్ళు, పలకలు కొనేస్తాను. చెమ్మ తగలకుండా పాల పౌడరు డబ్బాల్లో పెడితే పాడవవు. జూన్ రద్దీ లేనప్పుడు షాపువాడు బేరానికి కూడా దిగుతాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెన్సిళ్ళు, రబ్బర్లు, నోటుబుక్కుల మీద జీఎస్టీ ఎత్తేశారు కదా అని ఆ దసరాకి మా షాపాయన్ని అడిగితే “పాత స్టాకు మేడమ్” అన్నాడు. సంక్రాంతికీ పాత స్టాకే. ఎంత పెద్ద గోడౌనో!

రెండో పని, స్కూల్ కమిటీ మీటింగులో నా లాంగ్ నోట్‌బుక్ చదివి వినిపించాను. రూపాయి రూపాయి. తల్లులు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకామె “మరి మాకు ఎప్పుడూ చెప్పలేదేంటి టీచర్? గవర్నమెంటే ఇస్తోందనుకున్నాం” అంది. ఆమె మాటలో తప్పేముంది? నేను చెప్పకుండా కొంటుంటే పై వాళ్ళకీ అలాగే కనిపిస్తుంది: సామాను ఉంది, బడి నడుస్తోంది, ఇంక కొరత ఏముంది? నా మంచితనం వల్ల ఆ కొరత కాగితం మీదకి ఎక్కనే లేదు. ఆ మీటింగులోనే తీర్మానం రాశాం, గ్రాంటు వచ్చాక మొదట తరగతి సామాను, తర్వాతే మిగతావి అని. ఏమేం కావాలో జాబితా కూడా మినిట్స్ పుస్తకంలో ఎక్కించాం. అడిగిన ప్రతిదీ రాలేదు. కానీ అడిగినట్టు సంతకాలతో ఉంది.

దీనికి మా సీనియర్ మాస్టారు ఒకాయన ఒప్పుకోరు. “అమ్మా, మనకొచ్చే జీతం చూసుకో, ఆ తల్లుల కూలి చూసుకో. నెలకి వెయ్యి పెడితే అరిగిపోతామా?” అంటారు. ఆయన మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజమే, అరిగిపోం. నేను కూడా ఇంకా పెడుతూనే ఉన్నాను. కానీ మా పక్కింట్లో అమ్మాయి ఉంది, బీఈడీ చేసి చిన్న ప్రైవేటు స్కూల్లో చేస్తోంది, నెలకి తొమ్మిది వేలు. ‘ఎల్లో డే’కి గది అలంకరణ ఎవరి తరగతి వాళ్ళే చేసుకోవాలట. పసుపు బెలూన్లు, పసుపు కాగితం, పసుపు చీర కూడా. “ఆంటీ, మీ దగ్గర పసుపు రంగు చార్టులేమైనా మిగిలాయా?” అని రాత్రి తొమ్మిదింటికి తలుపు కొట్టింది. టీచరన్నాక తన డబ్బు పెట్టుకోవాలి అనే ఆచారాన్ని జీతం ఉన్న మేము పెంచి పోషిస్తే, అది సరైన జీతం లేని ఆ పిల్ల మెడకి చుట్టుకుంటోంది. మాస్టారికి ఈ మాట చెప్తే కాసేపు ఊరుకుని “అది వేరే విషయం” అన్నారు. నాకు వేరే అనిపించలేదు.

చవక వస్తువులతో చదువు చెప్పడం గురించి మాట్లాడితే అందరూ అరవింద్ గుప్తా పేరు చెప్తారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించి చూపించిన మనిషి, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ పని ఆయన మొదలుపెట్టింది 1978లో, మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమానికి వెళ్ళినప్పుడు. ఆ కార్యక్రమం 1972 నుంచి 2002 దాకా ప్రభుత్వ బడుల్లో నడిచింది. అక్కడి వస్తువులు చవకవే. కానీ ఆ చవక వస్తువుల కిట్లు బడులకి పంపడానికి, అరిగిపోయినవి మళ్ళీ నింపడానికి ఒక ఏర్పాటు ఉండేది. అగ్గిపుల్ల చవక కాబట్టి టీచరు కొనుక్కుంటుందిలే అని ఎవరూ వదిలేయలేదు. మన మేళాల్లో ఆయన అగ్గిపుల్లల్ని పట్టుకున్నాం, ఆ ఏర్పాటుని వదిలేశాం.

రెండో ఏడాది నా లెక్క రూ.3,920కి దిగింది. గోడకి 640, ఆఫీసుకి 900, చేతికి 2,380. చేతి ఖాతాలో నేను పెట్టింది తగ్గినా పిల్లలకి అందింది తగ్గలేదు, ఆ తేడా గ్రాంటులోంచి వచ్చింది. 640 ఏమిటంటారా? ఆగస్టు పదిహేనుకి కాగితపు జెండాలు, రంగు తోరణాలు. అక్కడ మాత్రం నా చెయ్యి ఆగలేదు.

ఈమధ్య గ్రాంటు లెక్కలు చూడ్డానికి ఒకాయన వచ్చారు. క్యాష్ బుక్కు, వోచర్లు, స్టాకు రిజిస్టర్ ముందేసుకుని ఒక్కో అంశం మీద వేలు పెట్టుకుంటూ వస్తున్నారు. ఒకచోట వేలు ఆగింది. “మేడమ్, చీపుర్లు రెండు. ఇవి శానిటేషన్ హెడ్‌లో రావాలి. మీరు బోధన సామగ్రిలో రాశారు.”

“బోధన సామగ్రేనండీ” అన్నాను.

“చీపుర్లా?”

బీరువా తీసి పుల్లల డబ్బా ఆయన ముందు పెట్టాను. ఒక కట్ట తీసుకున్నారు. ట్యూబు రింగు లాగి చూశారు, వదిలారు, టప్‌మంది. మళ్ళీ లాగి పూర్తిగా తీసేసి పుల్లలన్నీ టేబుల్ మీద పరిచి ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ లెక్కపెట్టారు. మూడో తరగతి వాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు.

“ఇందులో పదకొండు ఉన్నాయి మేడమ్” అన్నారు.